కొండ కింద భూమి కంపిస్తే కొండ పేలుతుందా? అపోహలు - వాస్తవాలు

నేను చేసేది అగ్నిపర్వతాల మీద, చుట్టుపక్కల పెట్టిన సీస్మోమీటర్లు (నేల కదలికల్ని పట్టే పరికరాలు) గీసే గీతల్ని చదివే పని. అగ్నిపర్వతం ఉన్న చోట వరసగా నాలుగు భూకంపాలు వచ్చాయని వార్త రాగానే "పేలుతుందా? ఎప్పుడు?" అని మెసేజ్‌లు మొదలవుతాయి. నేనేమో "ఎన్ని అన్నది తర్వాత, ఎలాంటివి, ఎంత లోతులో, ఎటు జరుగుతున్నాయి?" అని ఎదురు ప్రశ్నలు వేస్తాను, అడిగినవాళ్లకి చిరాకొస్తుంది. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నా.

అపోహ: పెద్ద భూకంపం వస్తే దగ్గర్లోని అగ్నిపర్వతం బద్దలవుతుంది.

సాధారణంగా కాదు. 2011 మార్చి 11న జపాన్‌లో 9 తీవ్రతతో భూకంపం వచ్చింది, నాలుగు రోజులకి ఫుజి పర్వతం దగ్గరే 6కి అటూఇటూగా ఇంకోటి వచ్చింది, ఫుజి మాత్రం ఉలకలేదు పలకలేదు. మాగ్మా, అంటే భూమి లోపల కరిగిన రాయి, పైకి దారి చేసుకుంటున్నప్పుడు వచ్చేవాటిలో ఎక్కువ భాగం 3 లోపు తీవ్రతవే, చాలావాటిని మనుషులు గుర్తించను కూడా గుర్తించరు. అప్పటికే పేలడానికి సిద్ధంగా ఉన్నదాన్ని పెద్ద భూకంపం కాస్త ముందుకు తోయొచ్చనే వాదన లేకపోలేదు. ఫిలిప్పీన్స్‌లో 1990 జులైలో వచ్చిన లూజాన్ భూకంపానికీ మరుసటి ఏడాది అక్కడి పినటుబో అగ్నిపర్వతం పేలడానికీ సంబంధం ఉందా అన్నది ఇప్పటికీ తెగని చర్చే.

అపోహ: భూకంపాలన్నీ ఒకటే, లెక్కపెడితే సరిపోతుంది.

అసలు సంగతంతా ఇక్కడే ఉంది. రాయి విరిగితే వచ్చే భూకంపం స్క్రీన్ మీద ఠక్కున మొదలవుతుంది: ముందు వేగంగా వచ్చే పి తరంగం, వెనకే నెమ్మదిగా వచ్చే ఎస్ తరంగం, దగ్గరదగ్గరగా సన్నటి గీతలు, కాసేపట్లో సద్దుమణుగుతుంది. రెండో రకాన్ని మేం ఎల్‌పీ అంటాం, అంటే లాంగ్ పీరియడ్. ఇది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించడం కష్టం, మెల్లగా లావెక్కుతుంది, ఊపులు విడివిడిగా, నింపాదిగా ఉంటాయి, తోక సాగుతూ పోతుంది. పగుళ్లలో గ్యాసో, వేడినీరో, మాగ్మాయో కదిలి గోడల్ని ఊపితే వచ్చేది ఇది, గాలి చిక్కుకున్న కుళాయి తిప్పితే పైపంతా మోత పెట్టినట్టన్నమాట. ఆ ఊపు ఆగకుండా నిమిషాలు, గంటల తరబడి సాగితే దాన్ని ట్రెమర్ అంటాం. మొదటి రకం వంద వచ్చినా స్థిమితంగా కూర్చుని లోతులు చూసుకుంటాను గానీ, తక్కువ లోతులో ఎల్‌పీలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే మాత్రం టెన్షనే. వీటి మధ్యలో ఈదురుగాలి, దొర్లే రాళ్లు, విరిగే మంచు, పైన ఎగిరే హెలికాప్టర్ కూడా తమ గీతలు తాము గీస్తుంటాయి. వాటిని ఏరి పక్కన పెట్టడం మా పనిలో ఎవరూ చెప్పుకోని పెద్ద భాగం.

పినటుబోనే చూడండి. 1991 మే అంతా భూకంపాలు ఎక్కువగా శిఖరానికి వాయవ్యంగా 5 కిలోమీటర్ల దూరంలో గుంపుగా వచ్చాయి. జూన్ మొదటి రోజుల్లో ఆ గుంపు శిఖరం కిందికే జరిగింది. ఈలోపు మే 13న రోజుకి 500 టన్నులున్న సల్ఫర్ డయాక్సైడ్ (మాగ్మా నుంచి వెలువడే గ్యాసు) 28వ తేదీకి 5,000 టన్నులైంది. అక్కడి శాస్త్రవేత్తలు భూకంపాల్ని, గ్యాసుని కలిపి చదివారు కాబట్టే జూన్ 15 నాటి మహా విస్ఫోటనానికి ముందే వేలమందిని ఖాళీ చేయించగలిగారు.

అపోహ: వేలకొద్దీ భూకంపాలు వస్తే పేలడం ఖాయం.

1982-84లో ఇటలీలోని కాంపి ఫ్లెగ్రేలో వేల భూకంపాలు వచ్చాయి, నేల దాదాపు 1.8 మీటర్లు పైకి లేచింది, పోజ్జువోలీ పట్టణం నుంచి 40,000 మంది దాకా తరలిపోయారు, పేలుడు రాలేదు. 2025 మొదట్లో గ్రీసులోని శాంటోరిని దగ్గరా ఇదే కథ. మాగ్మా కదిలింది నిజం, కానీ రాయిని చీల్చుకుంటూ పక్కకి వెళ్లి లోపలే ఆగింది. పైకి బయల్దేరిన మాగ్మా అంతా పైదాకా రాదు, మధ్యలోనే చల్లబడి గట్టిపడేదే ఎక్కువ.

అపోహ: భూకంపాలు తగ్గాయంటే గండం గడిచినట్టే.

దీనికి మాత్రం నేను నిజంగా భయపడతాను. ఐస్‌లాండ్‌లోని ఫాగ్రాదల్స్‌ఫ్యాల్ దగ్గర 2021లో మూడు వారాల పాటు ఎడతెరిపి లేకుండా కంపించి, చివరి రోజుల్లో నెమ్మదించింది, మార్చి 19న లావా బయటికొచ్చింది. అలాస్కాలోని రెడౌట్ 2009లో ఇంకా వింతగా ప్రవర్తించింది. చిన్న చిన్న భూకంపాలు వేగం పుంజుకుని, సెకనుకి 30 దాకా చేరి, విడివిడి దెబ్బలన్నీ ఒకే కూతగా కలిసిపోయి, ఒక్కసారిగా నిశ్శబ్దం. నిమిషం లోపే పేలుడు.

అపోహ: భూకంపాలు లేకపోతే భయం లేదు.

2014 సెప్టెంబర్ 27న జపాన్‌లోని ఒంటాకే అగ్నిపర్వతం పేలి, దాని మీద ఉన్న 63 మంది చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. రెండు వారాల ముందు ఒకట్రెండు రోజులు భూకంపాలు పెరిగి తగ్గాయి, హెచ్చరిక అత్యంత తక్కువ స్థాయిలోనే ఉంచారు, స్పష్టమైన ట్రెమర్ మొదలయ్యేసరికి మిగిలింది 11 నిమిషాలు. అది కొత్త మాగ్మా పైకొచ్చి పేలినది కాదు, వేడికి లోపలి నీరు ఆవిరై పేలినది. ఇలాంటివి మాకు ఇచ్చే వ్యవధి చాలా తక్కువ.

అపోహ: సైంటిస్టులకి తేదీ తెలుసు, బయటికి చెప్పరు.

తెలిస్తే మాకూ హాయిగానే ఉండేది! బాలిలోని అగుంగ్ విషయంలో 2017 సెప్టెంబర్ 22న అత్యున్నత హెచ్చరిక ఇచ్చారు, లక్షమందికి పైగా ఇళ్లు వదిలారు. వారాలు గడిచినా ఏమీ కాలేదు, భూకంపాలు తగ్గాయి, అక్టోబర్ చివర్లో హెచ్చరిక ఒక మెట్టు దించారు, చాలామంది వెనక్కి వెళ్లారు. నవంబర్ 21న పేలింది.