చీము కల్చర్‌లో ఏమీ పెరగలేదంటే? ఆక్సిజన్ గిట్టని బ్యాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

నేను వరంగల్‌లో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండ్లు, పగిలిన అపెండిక్స్, పంటి గడ్డల చీము మా దగ్గరికి కల్చర్‌కు, అంటే అందులోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు, వస్తుంటాయి. వీటిలో ఆక్సిజన్ లేని చోట పెరిగే అనేరోబిక్ బ్యాక్టీరియా తరచూ ఉంటుంది. దాని గురించి నేను వినే మాటలు కొన్ని:

అపోహ: రిపోర్టులో 'నో గ్రోత్' అని ఉంటే ఇన్ఫెక్షన్ లేనట్టే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మామూలు కల్చర్ ప్లేట్లను గాలి తగిలేలానే పెంచుతాం. బ్యాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ లాంటివి అక్కడ పెరగవు. వాటికి ఆక్సిజన్ తీసేసిన జార్ కావాలి, కనీసం 48 గంటలు ఆగాలి. అసలు నష్టం అంతకుముందే, శాంపిల్ తీసేటప్పుడే జరుగుతుంది. దూదిపుల్లతో పుండు పైపైన తుడిస్తే చర్మం మీది బ్యాక్టీరియానే అంటుకుంటుంది. లోపలివి కొన్ని వచ్చినా, ల్యాబ్ చేరేలోపు గాలికి చాలావరకు చచ్చిపోతాయి. సిరంజితో లోపలి చీము లాగి గానీ, చిన్న కండ ముక్క తీసి గానీ వెంటనే పంపాలి. చీము బాగా కంపు కొడుతున్నా, గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్షలో) బ్యాక్టీరియా కనిపించి కల్చర్‌లో ఏమీ రాకపోయినా మా అనుమానం వీటి మీదికే పోతుంది.

అపోహ: పెద్ద ఇంజెక్షన్ వేస్తే ఏ బ్యాక్టీరియా అయినా చస్తుంది.

జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు వీటి మీద పనిచేయవు. ఆ మందు కణంలోకి వెళ్లాలంటే ఆక్సిజన్‌తో నడిచే వ్యవస్థ ఉండాలి, వీటికి అది లేదు.

అపోహ: మెట్రోనిడజోల్ ఉండగా భయమెందుకు?

ఆక్సిజన్ గిట్టని బ్యాక్టీరియాకు ఇప్పటికీ అది మంచి మందే. ఈ బ్యాక్టీరియా లోపలికి వెళ్లాకే అది విషంగా మారి డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. కానీ నిమ్ అనే జన్యువులు ఉన్న రకాలు ఆ మార్పునే అడ్డుకోగలవు. సీఎఫ్ఐఏ జన్యువు ఉంటే మెరోపెనెమ్ లాంటి ఖరీదైన మందును కూడా విరగ్గొట్టే ఎంజైమ్ తయారు కావచ్చు. ఒకప్పుడు నమ్మకంగా వాడిన క్లిండామైసిన్‌కు నిరోధకత (మందుకు లొంగని గుణం) బాగా పెరిగింది. కడుపులో ఇన్ఫెక్షన్లకు పరీక్ష లేకుండా దాన్ని వాడొద్దని మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అపోహ: మోషన్స్‌కు షాపులో రెండు గోళీలు అడిగి వేసుకుంటే పోయేదేముంది?

ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ (రెండు యాంటీబయాటిక్‌లు కలిసిన) గోళీలను ఊళ్లలో ఓఆర్ఎస్ కంటే ముందు అడుగుతారు. పెద్దపేగులో ఆక్సిజన్ గిట్టని బ్యాక్టీరియాదే రాజ్యం, మిగతావాటికంటే వందల రెట్లు ఎక్కువ. వేసుకున్న చాలా యాంటీబయాటిక్‌లు వాటికీ తగులుతాయి. బ్యాక్టీరాయిడ్స్‌లో నిరోధక జన్యువులు ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తాయి. సీటీఎన్‌డాట్ అనే జన్యు భాగం మీద జరిగిన పరిశోధనలో, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కొద్దిగా ఉన్నా ఆ మార్పిడి వందల రెట్లు పెరిగింది. రేపు అపెండిక్స్ పగిలితే కడుపులోకి చేరేది ఆ పేగులోని బ్యాక్టీరియానే. రక్తం, జ్వరం లేని మోషన్స్‌కు చాలాసార్లు ఓఆర్ఎస్, పిల్లలకైతే దాంతోపాటు జింక్ సరిపోతాయి.

అపోహ: మందులు వాడుతుంటే గడ్డ కోయించనక్కర్లేదు.

చీము నిండిన గడ్డ లోపలికి మందు సరిగా చేరదు, రక్త ప్రసారం ఉండదు కాబట్టి. పెద్ద గడ్డకు చీము తీయాల్సిందే. తీసేటప్పుడే, "సార్, కొంచెం సిరంజిలో అనేరోబిక్ కల్చర్‌కు పంపుతారా?" అని అడగండి. ఆ సదుపాయం అన్ని ల్యాబుల్లో ఉండదు కాబట్టి ఎక్కడికి పంపాలో ముందే తెలుసుకోవాలి.