ఫుట్‌పాత్, సైకిల్ ట్రాక్: ఎస్టిమేట్‌లో కనిపించని ఖర్చులే కొంప ముంచుతాయి

అపోహ: రోడ్డు వెడల్పే చాలదు, సైకిల్ ట్రాక్ ఎక్కడ వేస్తారు?

60 అడుగుల రోడ్డునే తీసుకోండి. అంటే సుమారు 18 మీటర్లు. ఒక పక్క ప్రహరీ నుంచి లెక్కేస్తే నడకకు 2 మీటర్లు, చెట్లకూ స్తంభాలకూ ఒకటి, సైకిళ్లకు 2, బండ్లకూ సైకిళ్లకూ మధ్య ఎడంగా అర మీటరు. రెండు పక్కలా కలిపి 11 మీటర్లు. మిగిలిన 7 మీటర్లలో ఎదురెదురుగా రెండు వరసలు హాయిగా పోతాయి. పోయేది పార్కింగ్ ఒక్కటే, అసలు గొడవంతా దానిమీదే. కాగితం మీద 60 అడుగులున్నది స్థలంలో తగ్గిపోయిన చోట్లూ ఉంటాయి కాబట్టి ప్రతి 20 మీటర్లకూ అడ్డుకొలత తీయించాలి. అలా ఇరుకైన చోట సైకిల్ ట్రాక్ ఆపేసి బండ్ల వేగం తగ్గించండి. నడకదారిని మాత్రం 1.8 మీటర్ల కంటే కుదించకండి, ఐఆర్‌సీ 103 (పాదచారుల సౌకర్యాలపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు) చెప్పే కనీసం అదే.

అపోహ: ఫుట్‌పాత్ ఎత్తుగా కట్టి బొలార్డులు (పొట్టి అడ్డు స్తంభాలు) పాతితే బైకులెక్కవు.

బైకులకు అదో లెక్క కాదు. వీల్‌చెయిర్ పోవడానికి కనీసం 90 సెం.మీ. సందు వదలాలి. అందులోంచి బైకు దర్జాగా దూరిపోతుంది. బొలార్డు ఆపేది కార్లనే. ఎత్తు పెరిగేకొద్దీ బెదిరేది మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, దాంతో వాళ్లు రోడ్డు మీదే నడుస్తారు. కెర్బు (ఫుట్‌పాత్ అంచు గట్టు) ఎత్తు 150 మి.మీ. దాటకూడదు.

నిజంగా నాశనమయ్యేది గేట్ల దగ్గర. ప్రతి ఇంటి ముందూ ఫుట్‌పాత్‌ను కిందికి దించితే నడిచేవాళ్లకు ఎక్కి దిగడమే పని. నడకదారిని అదే ఎత్తులో సాగనిచ్చి, కారు ర్యాంపును చెట్ల కోసం వదిలిన మీటరులోనే ముగించాలి. 150 మి.మీ. ఎత్తుకు 1:6 వాలు అంటే 90 సెం.మీ., సరిగ్గా సరిపోతుంది. మిగతాచోట్ల 60 మి.మీ. మందం పేవర్లు (నేల మీద పరిచే సిమెంటు బిళ్లలు) చాలు. గేటు ముందు మాత్రం 80 మి.మీ.వి, వాటి కింద కాంక్రీటు ఉండాలి. అంచు రాయి గట్టిగా బిగించకపోతే తొలి వానకే కింది ఇసుక కొట్టుకుపోతుంది. ఆ తర్వాత కదిలే పేవరు మీద కాలేస్తే బురదనీళ్లు ప్యాంటు మీద చిమ్ముతాయి.

అపోహ: నిధులు లేకే ఆగిపోతున్నాయి.

కట్టడానికి నిధులు ఏదో ఒక దారిలో దొరుకుతాయి. 2020లో మొదలైన సైకిల్స్ ఫర్ ఛేంజ్ పోటీలో ఎంపికైన నగరాల్లో వరంగల్ ఒకటి. ఆ పోటీ పెట్టిన కేంద్ర పథకం స్మార్ట్ సిటీస్ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. ఇప్పుడు చూడాల్సింది కార్పొరేషన్ సొంత బడ్జెట్, జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం, సీఎస్సార్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు). మట్టి అంచులు పేవింగ్ చేస్తే దుమ్ము తగ్గుతుంది కాబట్టి స్వచ్ఛ వాయు నిధులు అడగవచ్చు, కాకపోతే ఆ పని నగర కార్యాచరణ ప్రణాళికలో ముందే చేర్చి ఉండాలి. సీఎస్సార్ ఇచ్చే కంపెనీలు కట్టడానికి ముందుకొస్తాయి, బోర్డు పెట్టుకుంటాయి. ఊడ్చడానికి ఇవ్వమంటే ముఖం చాటేస్తాయి.

పని ఆగేది ఎస్టిమేట్‌లో రాయని వాటి దగ్గర. ట్రాన్స్‌ఫార్మర్, స్తంభాలు జరపడానికి డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) ముందే డబ్బు కట్టాలి. ఆ ఖర్చు విడిగా చూపకపోతే ట్రాక్ మధ్యలో స్తంభం అలాగే నిలబడుతుంది. పేవర్లు పరిచే ముందే కేబుళ్లకు రెండు మూడు ఖాళీ పైపులు వేయాలి. లేదంటే ఆర్నెల్లలో ఫైబర్ వాళ్లొచ్చి తవ్వి, పైన సిమెంటు మెత్తి పోతారు. నిర్వహణను టెండరులోనే ఐదేళ్ల ఐటమ్‌గా కలపండి. ఎస్టిమేట్ కంటే బాగా లెస్‌కు (తక్కువకు) టెండరు వేసిన కాంట్రాక్టరు మిగుల్చుకునేది కంటికి కనబడని చోటే, అంటే పేవర్ల కిందే. అందుకని బిల్లు పాస్ చేసేముందు అక్కడక్కడ పేవరు లేపి ఇసుక మందం కొలవాలి.

అపోహ: హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కనున్న లాంటి ట్రాక్ ఒకటి వేస్తే ఊరంతా సైకిలెక్కుతుంది.

2023లో మొదలైన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ 4.5 మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల నీడ. వ్యాయామానికి బ్రహ్మాండం. కానీ పాల ప్యాకెట్లు వేసే కుర్రాడికీ, బడికెళ్లే పిల్లకూ కావాల్సింది ఇంటి నుంచి మెట్రో స్టేషనుకో రైతుబజారుకో రెండు మూడు కిలోమీటర్లు తెగకుండా సాగే దారి. అది తెగేది కూడళ్లలోనే, ఎస్టిమేట్‌లో కూడళ్లకు ఏమీ రాయరు కాబట్టి. మొదటి రూపాయి అక్కడ పెట్టాలి.

అపోహ: తోపుడు బళ్లు తీసేస్తే ఫుట్‌పాత్ బాగుపడుతుంది.

తీసిన వారానికే తిరిగొస్తాయి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి, టౌన్ వెండింగ్ కమిటీతో (ఆ చట్టం కింద వీధి వ్యాపారుల కోసం ఏర్పడే పట్టణ కమిటీ) మాట్లాడి చోటు చూపాలి. చెట్ల మధ్య మీటరులో బండి సైజుకు గళ్లు గీసి, పక్కన చెత్త డబ్బా, మురుగు పోయే జాలీ పెడితే టీ బండి వాడే ఆ ముక్క ఊడ్చుకుంటాడు.