అరవై దాటాక కర్రసాము

అరవై దాటిన మనిషి కర్రసాము నేర్చుకుంటానంటే ‘ఇప్పుడెవరి మీదికండీ?’ అని నవ్వుతారు. కొట్లాట మాట అలా ఉంచి, బాత్‌రూమ్‌లో కాలు జారితే తుంటి విరిగే వయసది. తుంటి ఎముక విరిగేది ఎక్కువగా పక్కకు పడ్డప్పుడే. విజయవాడ బందరు రోడ్డు స్టేడియంలో ఎన్ని రౌండ్లు కొట్టినా కాలు ముందుకే పడుతుంది. సాములో, నెమ్మదిగా సాగే చైనా యుద్ధవిద్య తాయ్‌చీలో పక్కకీ వెనక్కీ కూడా పడుతుంది.

డెబ్బై దాటిన 670 మంది మీద చేసిన అమెరికా పరిశోధన 2018లో వెలువడింది. వారానికి 2 గంటల చొప్పున 24 వారాలు తాయ్‌చీ చేసినవాళ్లు, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లకంటే 58 శాతం తక్కువసార్లు పడ్డారు.

మొదటి పాఠం ఒక్క అడుగే. పాదాలు భుజాల వెడల్పున, ఛాతీ ఎత్తు కర్ర నేలకు ఆనించి నిలబడండి. బరువంతా మెల్లగా కుడికాలి మీదికి తేవాలి. ఎడమ మడమ దానంతటదే తేలికపడ్డాకే కాలెత్తి, ఓ జానెడు పక్కన ఖాళీగా ఆనించాలి. తర్వాత 4 అంకెలు లెక్కపెడుతూ బరువు దాని మీదికి మార్చాలి. ఇటు 6, అటు 6. తొందరపడితే ఊపు మోస్తుంది, కండకు పని ఉండదు. కాలు తట్టుకున్నప్పుడు మనిషిని నిలబెట్టేవి వేగంగా ముడుచుకునే కండపోగులు. వయసుతో ముందు సన్నబడేవీ అవే. అందుకే నెల గడిచాక అదే అడుగు చురుగ్గా వేస్తూ కర్ర ఝళిపించాలి.

దెబ్బతినేది మోకాలే. పాదం నేలకు అంటుకుని ఉండగా నడుము తిప్పితే ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది. మడమ ఎత్తి, పాదం తిప్పి, ఆపై ఒళ్లు తిప్పాలి. వంగినప్పుడు మోకాలు బొటనవేలి లోపలికి వాలకూడదు. మాస్టారు ‘ఇంకా కిందికి’ అన్నా వినకండి, నాలుగు వేళ్ల మేర కుంగితే చాలు. ఊపిరి బిగబడితే బీపీ పెరుగుతుంది, కర్ర ఝళిపించేటప్పుడు ఊపిరి వదలండి.

వేసవిలో ఉదయం ఆరున్నరకల్లా ముగించాలి. తడి ఘాట్ మెట్లు అసలొద్దు. షుగర్ ఉన్నవాళ్లు బూట్లు వేసుకోవాలి, ఇంటికొచ్చి అరికాళ్లు చూసుకోవాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు పరగడుపున చేయకూడదు, జేబులో చక్కెర ఉంచుకోవాలి.

జూడోలో పడే విద్య నేర్పుతారు. ఎముకలు గుల్లబారినవాళ్లకు అది వద్దు గానీ, అందులో ఒక్క ముక్క మంచం మీద వెల్లకిలా పడుకునే నేర్చుకోవచ్చు: గడ్డాన్ని ఛాతీకి లాక్కుని 3 అంకెలు ఉంచడం. వెనక్కి పడ్డప్పుడు తల నేలకు కొట్టుకోకుండా కాసేది ఆ అలవాటే.