చెడ్డ లోహాల చిక్కుముడి లిథియం మబ్బు దాకా ఎలా వచ్చింది

రాగి తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుందని బడి పుస్తకాల్లోనే ఉంటుంది. గది ఉష్ణోగ్రతలో రాగిలోని ఎలక్ట్రాన్ ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య సుమారు 40 నానోమీటర్లు పోతుంది. అంటే వందకు పైగా పరమాణువుల దూరం. వేడి పెరిగేకొద్దీ ఈ దూరం తగ్గుతుంది. తగ్గి తగ్గి రెండు పరమాణువుల ఎడానికి వచ్చాక ఇక తగ్గడానికి ఏమీ మిగలదు కాబట్టి నిరోధం అక్కడ ఆగిపోవాలి. ఇదే మాట్-ఐయోఫ్-రెగెల్ హద్దు. నయోబియం-టిన్ లాంటి మిశ్రమాల్లో నిరోధం గీత నిజంగానే పైకి వెళ్ళి చదునవుతుంది.

1986లో జూరిచ్ ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నోర్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్లలో అతివాహకతను కనిపెట్టారు. ఏడాది తిరక్కుండానే ఇట్రియం-బేరియం-కాపర్ ఆక్సైడ్‌తో అది 93 కెల్విన్‌కు చేరింది. అందరి చూపూ నిరోధం సున్నా అయ్యే చోటే నిలిచింది. అసలు తలనొప్పి పైవైపు ఉంది. 1987లో గుర్విచ్, ఫియోరీ లాంథనం-స్ట్రాన్షియం-కాపర్ ఆక్సైడ్‌ను 1100 కెల్విన్ దాకా వేడి చేస్తే నిరోధం గీత గీసినట్టు తిన్నగా పెరుగుతూనే పోయింది, ఎక్కడా చదునవలేదు. 1995లో ఎమరీ, కివెల్సన్ ఇలా హద్దు దాటే పదార్థాలకు ‘చెడ్డ లోహాలు’ అని పేరు పెట్టారు.

లెక్క కట్టడానికి 1963 నాటి హబ్బర్డ్ నమూనా ఉండనే ఉంది. చదరంగం బల్ల లాంటి గళ్ళు, ఎలక్ట్రాన్ పక్క గడిలోకి గెంతడానికి ఒక శక్తి, ఒకే గడిలో ఇద్దరు పడితే చెల్లించాల్సిన వికర్షణ శక్తి, అంతే. చూడ్డానికి ఇంత చిన్నదైనా 4×4 గళ్ళకే సుమారు 430 కోట్ల స్థితులు వస్తాయి. పైగా అసలు స్ఫటికంలో జాలక కంపనాలు (పరమాణువుల ఊగులాట), మలినాలు ఎలక్ట్రాన్లతో కలగలిసి ఉంటాయి. తిన్నటి గీతకు కారణం ఎలక్ట్రాన్ల తోపులాటేనా, ఇంకేమైనానా అన్నది విడదీసి చెప్పలేం.

ఎలక్ట్రాన్లకు బదులు బాగా చల్లార్చిన పరమాణువుల మబ్బును లేజర్లతో కట్టిన గళ్ళలో పెడితే కంపనాలు ఉండవు, మలినాలూ ఉండవు. 1999లో డిమార్కో, జిన్ పొటాషియం-40ని క్వాంటం స్థాయికి చల్లార్చారు. 2002లో మ్యూనిక్‌లో రుబిడియం పరమాణువులు కాంతి గళ్ళలో గడ్డకట్టి మాట్ అవాహకంగా, అంటే వికర్షణ వల్ల ఎక్కడివక్కడ నిలిచిపోయే స్థితికి మారాయి. 2015లో ఫెర్మియాన్లను (ఎలక్ట్రాన్ల కోవకు చెందిన కణాలను) గడి గడికీ చూడగల సూక్ష్మదర్శినులు ఒకేసారి ఐదు ప్రయోగశాలల్లో వచ్చాయి. పరికరాలు సిద్ధమయ్యాయి కానీ, పరమాణువుకు ఆవేశం లేదు, వోల్టేజి పెట్టి కరెంటు కొలిచే దారి లేదు. జూరిచ్‌లోని ఎస్లింగర్ బృందం 2012లో రెండు మబ్బుల మధ్య సన్నటి కాలువ తెరిచి ప్రవాహం చూసింది. బాగానే ఉంది, కాకపోతే అది కాలువ గుణం. పదార్థం లోపలి నిరోధం చెప్పదు.

ఆ కొలత 2019లో ప్రిన్స్‌టన్‌లో, బక్ర్ బృందం చేతిలో జరిగింది. ఎలక్ట్రాన్ రెండు స్పిన్‌లకు బదులుగా లిథియం-6 పరమాణువుల రెండు స్పిన్ స్థితులను 752 నానోమీటర్ల గళ్ళలో పరిచారు. వికర్షణ శక్తి గెంతు శక్తికి ఏడు రెట్ల పైన, గడికి సగటున 0.82 పరమాణువులు. కాంతితో సాంద్రతలో అలలు దిద్ది, తర్వాత ఆ కాంతిని ఆర్పేశారు. అల ఎంత వేగంగా చదునవుతుందో చూస్తే విస్తరణ గుణకం, అంటే పరమాణువులు ఎంత త్వరగా పరచుకుంటాయో, తెలుస్తుంది. ఒత్తిడికి మబ్బు ఎంత కుదించుకుంటుందో, అంటే సంపీడ్యత, విడిగా కొలుస్తారు. ఈ రెంటినీ గుణిస్తే వాహకత, దాన్ని తిరగేస్తే నిరోధం. నెర్న్‌స్ట్-ఐన్‌స్టీన్ సంబంధం అంటే ఇదే.

మామూలు విస్తరణ సూత్రం పెడితే లెక్క తప్పుతుంది. కాంతి ఆర్పగానే ప్రవాహం పుట్టదు, దానికి కాస్త సమయం పడుతుంది. అందుకే అల మొదట్లో కాసేపు కదలనట్టే ఉంటుంది. ప్రవాహం దెబ్బలకు చెదిరిపోయే వేగాన్ని కూడా సమీకరణంలో చేర్చాలి. ఫొటో తీయడంలోనూ తంటా ఉంది: ముందు గళ్ళను లోతు చేసి గెంతులు ఆపాలి, ఒకే గడిలో ఇద్దరుంటే చిత్రం తీసే కాంతికి ఇద్దరూ ఎగిరిపోయి గడి ఖాళీగా కనిపిస్తుంది.

నిరోధం ఉష్ణోగ్రతతో తిన్నగా పెరిగింది, హద్దు దాటాక కూడా ఆగలేదు. కంపనాల్లేని చోట కూడా చెడ్డ లోహం తయారైందంటే వికర్షణ ఒక్కటే దానికి చాలు. రాగి ఆక్సైడ్లలో అదొక్కటే పని చేస్తోందని మాత్రం దీంతో తేలదు.

ఇంతకీ ఆ మబ్బు ఎంత చల్లన? ఉష్ణోగ్రత లెక్కలో చెబితే గెంతు శక్తి సుమారు 45 నానోకెల్విన్లు, చేరిన కనిష్ఠం దానిలో 0.3 వంతు. అదే రాగి ఆక్సైడ్‌లో గెంతు శక్తి దాదాపు 4000 కెల్విన్లు. ఆ నిష్పత్తిని అక్కడికి మారిస్తే 1200 కెల్విన్లు, ఇట్రియం స్ఫటికం చెదిరిపోయే వేడికి దగ్గర! అతివాహకత మొదలయ్యే 93 కెల్విన్‌కు తగ్గ నిష్పత్తి 0.02 చిల్లర. 2025లో హార్వర్డ్ బృందం 0.05 చుట్టుపక్కలకు దిగింది.