చబుత్రా మీద కుర్రాళ్లు, టీవీలో భయం

పాతబస్తీలో రాత్రి పదకొండు దాటాక కుర్రాళ్లు ఇంటి ముందు అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఇళ్లు ఇరుకు, లోపల ఉక్క, అరుగు మీద కూర్చోడానికి పైసా ఖర్చు లేదు. దాన్నే అక్కడ చబుత్రా అంటారు. 2015 ప్రాంతంలో సౌత్ జోన్ పోలీసులు అదే పేరుతో ఆపరేషన్ పెట్టి, అర్ధరాత్రి బయట కనిపించిన కుర్రాళ్లని పట్టుకెళ్లి, అమ్మానాన్నల్ని పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చారు. తల దించుకుని వరసగా కూర్చున్న ఆ దృశ్యం టీవీకి బాగా పనికొస్తుంది, కాకపోతే అందులో గొడవ చేసినవాడెవడో, గాలికి కూర్చున్నవాడెవడో తెలియదు. మైనర్ల పేరు, అడ్రసు, స్కూలు బయటపెట్టకూడదని ఇప్పటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. సరే, ముఖం బ్లర్ చేశారు, వెనక ఇంటి గేటు కనిపిస్తుంటే గల్లీలో గుర్తుపట్టనివాడెవడు?

కుర్రాళ్లని చూసి ఇలా భయపడటం మనతో మొదలైంది కాదు. 1954లో అమెరికాలో కామిక్ పుస్తకాలు పిల్లల్ని పాడుచేస్తున్నాయని సెనేట్‌లో విచారణే జరిగింది. 1964 ఈస్టర్‌కి ఇంగ్లండ్‌లోని క్లాక్టన్ అనే బీచ్ ఊళ్లో మాడ్స్, రాకర్స్ అనే రెండు బ్యాచ్‌ల కుర్రాళ్లు చలికీ వానకీ విసిగి కాస్త అల్లరి చేసి, కొన్ని అద్దాలు పగలగొడితే, పేపర్లు ఊరంతా తగలబడినట్టు రాశాయి. దాన్ని తవ్వి చూసిన సామాజికవేత్త స్టాన్లీ కోహెన్ 1972లో పుస్తకం వేశాకే ‘మోరల్ పానిక్’ (ఏదో సమాజాన్ని పాడుచేసేస్తోందని జనం అతిగా బెదిరిపోవడం) అన్న మాట బాగా వాడుకలోకి వచ్చింది. ఆయన గమనించింది ఏంటంటే, ఆ రాతలు చదివే పోలీసులు బిగుసుకున్నారు, ఆ రాతలు చదివే ఇంకొందరు కుర్రాళ్లు తర్వాతి సెలవులకి బీచ్‌లకి వచ్చారు.

ఇక హైదరాబాద్, 2017. జూలైలో ఎక్సైజ్ శాఖ ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు అమ్మే ముఠాని పట్టుకుని, కొన్నవాళ్లలో స్కూలు పిల్లలూ ఉన్నారని చెప్పింది. అది ఉత్త పుకారు కాదు, నిజం కేసే. కానీ ఆ వేడి చల్లారకముందే ఆగస్టులో బ్లూ వేల్ వచ్చిపడింది, పిల్లల చేత చేతులు కోయించి చివరికి ప్రాణం తీసుకునేలా చేస్తుందని చెప్పుకున్న ఆన్‌లైన్ ఆట అది. ఆ లింకులు తీసెయ్యమని కేంద్రం ఇంటర్నెట్ కంపెనీలకి చెప్పింది కూడా. మా అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదో తరగతి కుర్రాడు ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటే చాలు, వాళ్లమ్మ లిఫ్ట్ దగ్గరే ఆపి చేతులు పైకి మడిచి చూసేది. వాడికి అసలు ఆ ఆట సంగతే న్యూస్ చూసి తెలిసిందట.

2018 జనవరిలో కేంద్రం పార్లమెంటులో జవాబిచ్చింది: చావులకీ బ్లూ వేల్‌కీ సంబంధం ఉన్నట్టు తేలలేదని. దానికి బ్రేకింగ్ న్యూస్ పడినట్టు నాకైతే గుర్తులేదు. ఆ కుర్రాడి బీటెక్ అయిపోయింది. వాళ్లమ్మ ఇప్పుడు వాడి చెల్లెలి రీల్స్ గురించి టెన్షన్ పడుతోంది.