ఛెత్రి లేని తొలి మ్యాచ్

హైదరాబాద్,
10 జూన్ 2024.

కాలనీ పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

నిన్న న్యూయార్క్‌లో మనవాళ్లు 119 పరుగులే చేసి కూడా పాకిస్తాన్‌ని గెలవనివ్వలేదు. అర్ధరాత్రి దాటినా మీ ఇళ్లల్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, నాకు తెలుసు. రేపు రాత్రి ఇంకో మ్యాచ్ ఉంది. దానికి టపాసులు పేల్చేవాళ్లు ఉండరు, ఫ్లెక్సీలు కట్టేవాళ్లు అసలే ఉండరు. దోహాలో ఖతార్‌తో మన ఫుట్‌బాల్ జట్టు ఆడే వరల్డ్ కప్ క్వాలిఫైయర్ అది. మీలో ఆ ఆట పిచ్చి ఉన్నవాళ్లు గ్రౌండ్‌లో నన్ను పట్టుకుని అడిగింది ఒకటే: "ఛెత్రి రిటైరైపోయాడు కదా తాతా, ఇక గోల్స్ ఎవరు కొడతారు?" అందరూ ఒక్కసారే మాట్లాడుతుంటే జవాబు చెప్పే సందు దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

మొన్నటిదాకా మన జట్టు కెప్టెన్‌గా ఉన్న సునీల్ ఛెత్రి పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1984 ఆగస్టు 3న. అలాగని మనం జబ్బలు చరుచుకోనక్కర్లేదు. నాన్నది మిలిటరీ ఉద్యోగం, బదిలీల మీద ఊళ్లు తిరుగుతూ పెరిగాడు. దేశం తరఫున తొలి మ్యాచ్ 2005 జూన్ 12న క్వెట్టాలో పాకిస్తాన్ మీద ఆడాడు, అందులోనే గోల్ కొట్టాడు. పోయిన నెల 16న రిటైర్మెంట్ చెబుతూ పెట్టిన వీడియోలో ఆ రోజు సంగతి ఒకటి చెప్పాడు. "ఇవాళ నువ్వు ఆడుతున్నావు" అని కోచ్ సుఖ్వీందర్ సింగ్ అనగానే, చేతికొచ్చిన జెర్సీ మీద పెర్ఫ్యూమ్ కొట్టుకున్నాడట. ఇరవై ఏళ్ల కుర్రాడు మరి! అక్కణ్నుంచి 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. మగవాళ్ల ఫుట్‌బాల్‌లో దేశం కోసం అంతకంటే ఎక్కువ కొట్టినవాళ్లు రొనాల్డో, అలీ దాయీ, మెస్సీ, అంతే. ఆడవాళ్ల లెక్క వేరు. కెనడా అమ్మాయి క్రిస్టీన్ సింక్లెయిర్‌కి 190 గోల్స్ ఉన్నాయి. ఈ మాట మగపిల్లలు ఆట మధ్యలో గొప్పలు పోయినప్పుడు వాడుకోండి, అమ్మాయిలూ.

మొన్న 6న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో కువైట్‌తో ఆడిందే ఛెత్రికి ఆఖరు మ్యాచ్. 58 వేల పైచిలుకు జనం వచ్చారు. క్రొయేషియా కెప్టెన్ మోడ్రిచ్ కూడా శుభాకాంక్షలు చెబుతూ వీడియో పంపాడు. అయిపోయాక సహచరులు రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొడుతుంటే, మధ్యలోంచి కళ్లనీళ్లతో నడిచి వెళ్లాడు. ఇంత హడావుడిలో స్కోరు ఎంతని అడిగితే మీలో ఎందరు చెబుతారో! 0-0. సెకండాఫ్ మొదలైన కాసేపటికే మన ఫార్వర్డ్ రహీమ్ అలీకి కీపర్ ఒక్కడే ఎదురుగా ఉన్న అవకాశం దొరికింది. అదీ గోల్ కాలేదు.

"ఖతార్ మ్యాచ్ కూడా ఆడి వెళ్లొచ్చు కదా?" అని ఒకడు అడిగాడు. నన్నడిగితే వాడి మాటే రైటు. గెలిచి తీరాల్సిన మ్యాచ్, వీడ్కోలు మ్యాచ్ ఒకటే అయితే రెండూ చెడతాయి. ఆ రోజు జనం ఛెత్రిని చూశారు గానీ ఆటని చూశారా అని నాకు అనుమానమే. మీకు అలా అనిపించకపోతే వాదించండి, వింటాను. మనిషి మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు. ఇంకో రెండు నెలల్లో నలభై నిండుతాయి. తనలోని పిల్లాడికి ఆపాలని లేదని ఆ వీడియోలో తనే చెప్పుకున్నాడు.

ఇప్పుడు లెక్క చెబుతాను, పెన్సిలు తీసుకోండి. మన గ్రూప్‌లో నాలుగు జట్లు, తలా ఆరు మ్యాచ్‌లు, ఇప్పటికి ఐదు అయ్యాయి. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. ఖతార్ 13 పాయింట్లతో ఎప్పుడో గట్టెక్కింది. మనకి 5, అఫ్గానిస్తాన్‌కి 5, కువైట్‌కి 4. పైనున్న రెండు జట్లే మూడో రౌండ్‌కి వెళ్తాయి కాబట్టి మిగతా ముగ్గురూ ఒక్క సీటు కోసం కొట్టుకుంటున్నారు. పాయింట్లు సమానమైతే గోల్ డిఫరెన్స్ చూస్తారు, అంటే కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేయడం. మనకది మైనస్ 3, అఫ్గానిస్తాన్‌కి మైనస్ 10. వాళ్లకి ఖతార్ ఒకే మ్యాచ్‌లో ఎనిమిది పెట్టింది. అందువల్ల రేపు మనం గెలిస్తే దాదాపు ఖాయం. డ్రా చేసుకుంటే అదే రాత్రి ఆడే కువైట్, అఫ్గానిస్తాన్ కూడా డ్రా చేసుకోవాలని మొక్కుకోవాలి. ఓడితే ఇంటికే.

మూడో రౌండ్ మెట్టు మన జట్టు ఇంతవరకూ ఎక్కలేదు. ఎక్కితే వరల్డ్ కప్ వచ్చేసినట్టు కాదు, అంత ఆశపడకండి. కానీ జపాన్, ఇరాన్, కొరియాల్లాంటి జట్లున్న 18 మందిలో చేరి, పది మ్యాచ్‌లు పెద్దవాళ్లతో ఆడే అవకాశం వస్తుంది. 2027లో సౌదీలో జరిగే ఏషియన్ కప్‌కి కూడా ఇంకేమీ ఆడకుండానే బెర్త్ దొరుకుతుంది.

మరి ఈ టెన్షన్ ఎక్కడ మొదలైంది? ఛెత్రి వెళ్లిపోయాక కాదు. కిందటి నవంబరులో కువైట్ వెళ్లి మన్వీర్ సింగ్ గోల్‌తో 1-0తో గెలిచాం. ఆ తర్వాత భువనేశ్వర్‌లో ఖతార్ చేతిలో 0-3. మార్చిలో అఫ్గానిస్తాన్‌తో మొదట 0-0, ఐదు రోజులకి గువాహటిలో అదే జట్టు చేతిలో 1-2. గువాహటి మ్యాచ్ ఛెత్రికి 150వది, మన ఒక్క గోల్ అతను పెనాల్టీ మీద కొట్టిందే, అదే 94వది. కువైట్‌తో మొన్నటి 0-0 కూడా కలిపితే ఐదు మ్యాచ్‌లకి రెండే గోల్స్, అందులో ఒకటి పెనాల్టీ. ఐదింటిలోనూ ఛెత్రి ఉన్నాడు. అంటే మీరు రేపటి గురించి అడుగుతున్న ప్రశ్న పోయిన నవంబరు నుంచే నడుస్తోంది. పెద్ద పేరు ఒకటి ముందుండడంతో ఎవరూ గట్టిగా అడగలేదు.

మర్రిచెట్టు కింద మొక్క ఎదగదని అంటారు. ఛెత్రి విషయంలో ఈ సామెత నేను ఒప్పుకోను. నీడ పడింది వేరే చోట నుంచి. మన దేశంలో క్లబ్బులు ఆడే పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్‌లో ఒక్కో జట్టు ఒకేసారి నలుగురు విదేశీయుల్ని ఆడించుకోవచ్చు. డబ్బు పెట్టే క్లబ్బు ఆ నలుగురిలో ఒకరిని గోల్ ముందు నిలబెట్టకుండా ఉంటుందా? మనవాళ్లకి మిగిలేది పక్క గీత. ఛాంగ్టే ముంబైకి, మన్వీర్ మోహన్ బగాన్‌కి వింగ్‌లోనే ఆడతారు, బాగా ఆడతారు కూడా. కానీ పక్కనుంచి పరుగెత్తి బంతి అందించడం ఒక పని. ఇద్దరు డిఫెండర్లు భుజాలతో నెట్టేస్తుంటే పెనాల్టీ ఏరియాలో నిలదొక్కుకుని, అర సెకనులో కాలు తిప్పడం ఇంకో పని. ఈ రెండోది ప్రాక్టీసులో వచ్చేది కాదు, వారం వారం మ్యాచ్‌లో దెబ్బలు తింటే వస్తుంది. ఇప్పుడున్న ఫార్వర్డ్‌లలో దేశానికి పది గోల్స్ దాటినవాళ్లు ఒక్కరూ లేరు. తప్పు వాళ్లది కాదు.

స్ట్రైకర్ లేకపోతే ఏం చేయాలో చేసి చూపించినాయన మన ఊళ్లోనే ఉండేవారు. రహీమ్ సాబ్, పూర్తి పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తికి స్కూల్ టీచర్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్‌గా 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించారు. ఇండియా కోచ్‌గా 1951 ఏషియన్ గేమ్స్ స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆయన పెట్టిన పోటీల్లో ఒక చిత్రమైన రూలు ఉండేది: అలవాటైన కాలితో బంతి తన్నకూడదు! కుడికాలి వాటం ఆటగాడు మ్యాచ్ మొత్తం ఎడమకాలితోనే ఆడాలి. రేపు సాయంత్రం మీరూ ఆడి చూడండి, ఎంత నవ్వొస్తుందో, ఎంత కష్టమో తెలుస్తుంది.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌కి వెళ్లేటప్పటికే ఆయనకి క్యాన్సర్. అక్కడ డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీమ్ సాబ్ మాత్రం అతన్ని డిఫెన్స్‌లోంచి తీసి, సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ సెంటర్ ఫార్వర్డ్‌గా ముందు నిలబెట్టారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది తలకి కుట్లున్న జర్నైల్‌ది. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మళ్లీ ఇంతవరకూ మనకి స్వర్ణం రాలేదు.

ఆ జట్టులో తులసీదాస్ బలరామ్ ఉన్నారు. మన అమ్ముగూడ కుర్రాడే. అక్కణ్నుంచి ఫతే మైదాన్ దాకా ప్రాక్టీసుకి రావడానికి చేతిలో డబ్బులు లేవంటే, అద్దె సైకిలుకి రహీమ్ సాబే డబ్బులిచ్చేవారని చెబుతారు. ఫతే మైదాన్ అంటే ఇప్పటి ఎల్బీ స్టేడియం. ఆ సైకిలు కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్స్ కొట్టాడు. ఛెత్రి ముప్ఫై తొమ్మిదేళ్ల దాకా ఆడితే, బలరామ్ ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్ల వయసులోనే ఆట వదిలేయాల్సి వచ్చింది. అది 1963. వీడియో సందేశాలు లేవు, చప్పట్ల వరసలు లేవు. కిందటేడాది ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయారు. మన పేపర్లలో వార్త వస్తే, ఈయన అమ్ముగూడ మనిషా అని ఆశ్చర్యపోయినవాళ్లు అమ్ముగూడలోనే ఉన్నారు.

అదే 1963లో, జూన్ 11న, రహీమ్ సాబ్ కూడా పోయారు. రేపటి తేదీ అదే. ఒకే ఏడాదిలో కోచ్, ఫార్వర్డ్ ఇద్దరూ ఆటకి దూరమైనా ఊరి ఆట వెంటనే కూలిపోలేదు. నయీముద్దీన్ కెప్టెన్‌గా 1970 ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చారు, తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వచ్చారు. వీళ్లంతా హైదరాబాదీలే. కానీ ఉద్యోగం కోసం, నాలుగు డబ్బుల కోసం మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకి వెళ్లిపోతుంటే, ఇక్కడ వాళ్ల చోటులో ఇంకొకరిని తయారుచేసే రహీమ్ సాబ్ లేరు. మొన్నమొన్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ గెలిచింది, రెండేళ్లకే పట్టికలో అడుగుకి పడింది. ఒకరు వెళ్లడం వల్ల కాదు, వెళ్లేవాళ్ల వెనక ఎవరినీ సిద్ధం చేయకపోవడం వల్ల ఆట పడిపోతుంది. మన ఊరు ఇది అరవై ఏళ్లుగా చూస్తోంది. రేపు ఛెత్రి లేడని ఏడ్చేవాళ్లని చూస్తే అందుకే నాకు కొంచెం కోపమొస్తుంది.

సరే, రేపు ఏం చూడాలో చెబుతాను. ఖతార్ ఏషియా చాంపియన్, వరసగా రెండుసార్లు. కానీ వాళ్ల సీటు ఖాయమైపోయింది కాబట్టి ఎక్కువగా కుర్రాళ్లనే దింపుతున్నారు. ఇంతకంటే మంచి అవకాశం మనకి రాదు. కెప్టెన్సీ గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధుకి ఇచ్చారు. గోల్స్ కొట్టేవాడి తర్వాత గోల్స్ ఆపేవాడన్నమాట. మీరు బంతిని మాత్రమే చూడకండి. ఛాంగ్టే గీత పక్కన పరుగెత్తుతున్నప్పుడు పెనాల్టీ ఏరియాలో మన చొక్కాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కటే ఉంటే కోచ్ స్టిమాచ్ భయపడుతున్నట్టు. రెండు మూడు ఉంటే గెలవడానికే వచ్చినట్టు. ముందు మనం ఒక గోల్ కొడితే, ఆ తర్వాత అందరూ వెనక్కి వచ్చి కూర్చుంటారేమో చూడండి. నా భయమంతా అదే.

మ్యాచ్ రాత్రి తొమ్మిదింబావుకి. అయ్యేసరికి పదకొండు దాటుతుంది, తెల్లారితే 12, స్కూళ్లు తెరిచేది ఆ రోజే. మీ అమ్మానాన్నలతో నేను మాట్లాడతాను గానీ ఫలితం నా చేతిలో లేదు. పుస్తకాలకి అట్టలేయడం, బ్యాగులు సర్దడం సాయంత్రానికే పూర్తి చేసుకున్నవాళ్ల తరఫున మాట్లాడటం నాకు తేలిక. మా ఇంట్లో చూద్దాం. ఫోన్‌లో వచ్చేదాన్ని టీవీకి కలపడం నాకు రాదు, ఆ పని తెలిసినవాళ్లు ఎవరో ఒకరు తొమ్మిదికల్లా రండి.

మీ తాతయ్య