మాడిపోయిన లగ్గు

చిరంజీవులు బుజ్జికీ, చిన్నూకీ తాతయ్య ఆశీస్సులు.

అరిజోనా ఎడారిలో మీ బాబాయి ఆర్‌వీలో నాలుగు రోజులున్నామని ఫోన్‌లో చెప్పాను కదా. బస్సంత బండిలోనే వంటగది, పడకలు, బాత్రూమ్ అన్నీ ఉంటాయి. రెండో రోజు పొద్దున కాఫీకి కెటిల్ పెట్టగానే ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. మీ పిన్నికి ఒకటే టెన్షన్. ఊరికి వెళ్ళి కొత్తది తెచ్చి బిగించేద్దామన్నాడు మీ బాబాయి. పాతది ఎందుకు పోయిందో చూడనివ్వమన్నాను.

ముందు బయటి కరెంటు, సోలార్ ఆపేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పాం. చేతి ఉంగరం కూడా తీసేశాను. 12 వోల్టులు షాక్ కొట్టవు కానీ, ఉంగరమో స్పానరో రెండు టెర్మినల్స్‌కీ ఒకేసారి తగిలితే ఎర్రగా కాలిపోతుంది.

మూత తీసి చూస్తే ప్లస్ కేబుల్ చివర లగ్గు, అంటే కేబుల్‌ని బోల్టుకు బిగించే లోహపు ముక్క, నల్లగా మాడి ఉంది. బోల్టు చేత్తో తిప్పితేనే తిరిగింది.

ఇక్కడ మీరు కాగితం, పెన్సిల్ తీసుకోండి. కెటిల్ 1500 వాట్లు. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు కాబట్టి గోడ ప్లగ్గు నుంచైతే 12.5 ఆంపియర్లు చాలు. అదే 12 వోల్టుల బ్యాటరీ నుంచి లాగాలంటే 125. ఇన్వర్టర్‌లో వృథా అయ్యేది కూడా కలిపితే 140 దాకా వెళ్తుంది. వైరులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అదే వైరులో కరెంటు పది రెట్లైతే వేడి వంద రెట్లు! వదులైన లగ్గు దగ్గర 0.002 ఓమ్‌ల నిరోధం ఉందనుకోండి. 140ని 140తో గుణించి, దాన్ని 0.002తో గుణించండి. దాదాపు 40 వాట్లు వస్తుంది. ఒక సోల్డరింగ్ ఐరన్ వేడంతా ఆ ఒక్క బోల్టు మీదే! గతుకుల రోడ్డు మీద బోల్టు వదులవడం, వేడెక్కడం, వోల్టేజీ పడిపోవడం, ఆ లోటుకు ఇన్వర్టర్ ఇంకా ఎక్కువ కరెంటు లాగడం. నెలల తరబడి ఇదే జరిగింది, పాపం.

అందుకే కొత్త 2000 వాట్ల ఇన్వర్టర్‌ని పాత కేబుళ్ళకు తగిలించనివ్వలేదు. బ్యాటరీకి దగ్గరగా జరిపి, బొటనవేలంత లావు ఉండే 2/0 అనే సైజు కేబుల్ వేశాం. లగ్గులు సుత్తితో కొట్టకుండా క్రింపింగ్ మెషిన్‌తో నొక్కాం. ప్లస్ టెర్మినల్ పక్కనే 250 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాం. ఫ్యూజు దూరంగా ఉంటే మధ్యలో వైరు షార్టయినా అది కాపాడలేదు.

120 వోల్టుల వైపు మాత్రం నేను తొందరపడలేదు. మన ఇళ్ళలో నల్ల వైరు న్యూట్రల్. అక్కడ నల్లదే ఫేజు, తెల్లది న్యూట్రల్! నలభై ఏళ్ళ అలవాటు చేతిని అటే లాగుతుంది. అందుకే ప్రతి వైరునీ మీటరుతో చూసి, చీటీ అంటించాకే కలిపాను.

మళ్ళీ కెటిల్ పెట్టాం. బ్యాటరీ దగ్గరా ఇన్వర్టర్ దగ్గరా వోల్టేజీ కొలిస్తే తేడా 0.1 వోల్టు. నీళ్ళు మరిగాక కెటిల్ ఆపి లగ్గు ముట్టుకున్నాను. గోరువెచ్చగా కూడా లేదు.

ఆ మాడిన లగ్గు నా పెట్టెలో ఉంది. సెలవులకు వచ్చినప్పుడు చూపిస్తాను.

మీ తాతయ్య